నా పేరు మీద వేసిన తెర

"నవ్వు" అన్నాడు గౌతమ్.

నేను వంటింట్లో కత్తిపీట ముందు కూర్చుని పనసకాయ చెక్కు తీస్తున్నాను. మోచేతుల దాకా నూనె, దాని మీద జిగురు. పనసకాయ పని మొదలుపెట్టాక మధ్యలో లేవడానికి ఉండదు. లేస్తే తలుపుకీ కొంగుకీ స్విచ్చులకీ అన్నింటికీ ఆ జిగురే. అందుకని అతనే ఫోను పట్టుకుని నా ముందు వంగాడు. అతను వంటింట్లోకి రావడం, నా ముందు వంగడం, రెండూ రోజుకి ఒక్కసారే జరుగుతాయి.

"కళ్ళార్పు. ఆఁ. తల ఇటు తిప్పు. ఇప్పుడు నవ్వు. అలాక్కాదే, పళ్ళు కనపడాలి. తీసుకోవట్లేదు."

పళ్ళు కనిపించేలా నవ్వాను. ఫోను టింగుమంది. "అంతే. ఇంక నీ పని నువ్వు చూసుకో" అని హాల్లోకి వెళ్ళిపోయాడు. నా మొహంతో పని అయిపోయింది. మిగిలిన నాతో ఆ ఇంటికి సాయంత్రం దాకా వేరే పనులున్నాయి.

ఆ యాప్ పేరు వాకిలి. దానికి యజమాని లేడట. అందులో ఎవరైనా ఒక మాట రాసినా, గొంతు రికార్డు చేసి పెట్టినా, అది ముక్కలుగా ప్రపంచంలో వేల కంప్యూటర్లలోకి వెళ్ళి, బ్లాక్‌చెయిన్‌లో గొలుసులా ఒకదానికొకటి ముడిపడిపోతుందట. ఇక దాన్ని ప్రభుత్వం కాదు కదా, రాసినవాళ్ళు కూడా తీసివేయలేరు. "ఎవడి నోరూ ఎవడూ నొక్కలేడు, అదీ దీని గొప్ప" అని గౌతమ్ ఇంటికొచ్చిన ప్రతివాళ్ళకీ చెబుతాడు. నోరు నొక్కలేకపోతే మరి బూతులూ బెదిరింపులూ మాటేమిటని ఎవరైనా అడిగితే, దానికీ జవాబుంది. ప్రతి ప్రాంతానికీ ఏడుగురితో ఒక బెంచీ ఉంటుంది. వాళ్ళు ఏ మాటనీ తుడిచెయ్యరు, ఎక్కువమంది సరేనంటే దాని మీద తెర వేస్తారు. తెర పడ్డ మాట ఎవరి కంటికీ తనంతట తాను కనిపించదు. పని కట్టుకుని వెతుక్కుంటూ వెళ్ళి తెర తీసినవాళ్ళకే వినపడుతుంది. ఆ ఏడుగురిలో నలుగురు ఆడవాళ్ళై ఉండాలని ఒక నియమం. మనిషి మారకుండా రోజూ మొహం చూపించి తెరవాలని ఇంకో నియమం. ఈ నియమాలు రాసినవాళ్ళు ఏ ఊళ్ళో కూర్చుని రాశారో గానీ పాపం, మా పలాస ఎప్పుడూ రాలేదు.

మా అత్తగారు జానకి గారు ఒకప్పుడు సర్పంచి. సీటు ఆడవాళ్ళకి వచ్చిందని మామగారు ఆవిడ చేత నామినేషను వేయించారు. గెలిచాక ఊళ్ళో "ప్రెసిడెంటు గారండీ" అని పిలిస్తే పలికింది మామగారు రమణమూర్తి గారే. గొడవలు తీర్చిందీ, వీధిలైట్లు వేయించిందీ, వేయించకుండా ఆపిందీ ఆయనే. అత్తగారు మధ్యాహ్నం భోజనాలయ్యాక సంతకాలు పెట్టేవారు. హాల్లో ఆవిడ దండలతో కుర్చీలో కూర్చున్న ఫొటో ఒకటుంది. అందులో ఆవిడ చూపు ఫొటోగ్రాఫరు మీద కాకుండా పక్కకి ఉంటుంది. మామగారు అటువైపు నిలబడి "నిటారుగా కూకో" అన్నారట. ఆ ఇంటికి కోడలిగా వచ్చిన నాకు సంతకం పని కూడా తప్పింది. నవ్వితే చాలు.

"మా మిసెస్ వాకిలి బెంచీ మెంబరు" అని అతను వచ్చినవాళ్ళకి పరిచయం చేసినప్పుడు నేను టీ కప్పుల ట్రేతో నిలబడి ఉంటాను. వాళ్ళు "అబ్బో" అని కప్పు తీసుకుంటారు. మాకు జీడిపప్పు వ్యాపారం. ఊరూరి నుంచి ఫోన్లో వచ్చే ఆర్డర్లు రాసుకోవడం, బద్దలు కలిశాయి, పురుగు పట్టింది అని తిట్టేవాళ్ళకి సర్ది చెప్పడం నా వంతు. ఆ పనికి మాత్రం ఎవరూ నన్ను మెంబరు అనరు. "ఇంట్లో ఖాళీగా ఉంటుంది కదా, చూసుకుంటుంది" అంటారు. మా అమ్మాయిని విశాఖలో హాస్టల్లో వేశాక ఆ ఖాళీ ఇంకా పెరిగిందని వాళ్ళ లెక్క. నేనూ పెద్దగా పట్టించుకోలేదు. మొహం చూపించడానికి ఎంతసేపు పడుతుంది? కూరలో పోపు వేగేంత సేపు కూడా పట్టదు. ఆ మొహంతో వెనకాల ఏం చేస్తున్నారని నేను అడిగిందీ లేదు.

గౌరి ఎదురుపడకపోతే ఇప్పటికీ అడిగేదాన్ని కాదేమో.

గౌరి అంటే గౌరీశ్వరి. టెక్కలి కాలేజీలో డిగ్రీ మూడేళ్ళూ నా పక్కన కూర్చున్న మనిషి. మా పుట్టిల్లు టెక్కలి. తనది కంచిలి దాటి లోపలికి వెళ్తే కొబ్బరితోటల మధ్య ఊరు. టెక్కలిలో పిన్నిగారింట్లో ఉండి చదువుకునేది. తన గొంతు గురించి చెప్పాలి. బొంగురుగా, కొంచెం మగగొంతులా ఉండేది. రహస్యం చెప్పినా రెండు బెంచీల అవతలికి వినపడేది. లెక్చరర్లు "ఆడపిల్ల గొంతేనా అది" అంటే, "నాకిదొక్కటే ఉన్నాది సార్" అనేది. మధ్యాహ్నాలు మా మేడ మీద తల ఆరబెట్టుకుంటూ వాళ్ళ ఊరి సంగతులన్నీ చెప్పేది. ఎవరు ఎవరితో మాట్లాడటం మానేశారో, ఏ కోడలు ఏ అత్తకి ఏం సమాధానం చెప్పిందో. నేను చూడని ఆ ఊరు నాకిప్పటికీ తన గొంతులోనే తెలుసు.

ఒకసారి క్లాసు ఎగ్గొట్టి నౌపడ మీదుగా సముద్రానికి వెళ్ళాం. దారి పొడుగునా ఉప్పుమడులు, ఎండకి కళ్ళు తెరవలేకపోయాం. నీళ్ళ దగ్గర నిలబడి గౌరి రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుని, "నాకు కావాలోయ్!" అని అరిచింది. "ఏటి కావాలే?" అన్నాను. "ఏటో తెలీదు. కానీ కావాల. నువ్వూ అరువు" అంది. నేను చుట్టూ చూశాను, వలలు బాగుచేసుకుంటున్నవాళ్ళున్నారు. అరవలేదు. పన్నెండేళ్ళ కాపురంలో ఆ కేక నాకు ఎన్నిసార్లు గుర్తొచ్చిందో. పాలు పొంగుతుంటే, బట్టలు మడతపెడుతుంటే, అతను పక్కన గురక పెడుతుంటే. గౌరి మీద బెంగ అని పైకి చెప్పుకోవడానికి సిగ్గేసేది. ఆడవాళ్ళకి పుట్టింటి మీద బెంగ ఉండొచ్చు, పిల్లల మీద ఉండొచ్చు. స్నేహితురాలి మీద బెంగంటే నవ్వుతారు.

పెళ్ళైన కొత్తలో ఒక్కసారి మా ఇంటికొచ్చింది. సోఫాలో కాళ్ళు పైకి పెట్టుకుని కూర్చుని, గౌతమ్‌ని "ఏటి బావా, మా గుంటని బాగా సూసుకుంటన్నావా?" అని అడిగి, పకపకా నవ్వింది. తను వెళ్ళాక అత్తగారు "ఆ పిల్ల నవ్వు ఈది సివరికి ఇనిపించినాదమ్మా" అన్నారు. గౌతమ్ "ఆ టైపు ఫ్రెండ్స్ ఏటి నీకు?" అన్నాడు. అంతే. రావద్దని ఎవరూ అనలేదు. తర్వాత కొత్త ఫోను కొన్నప్పుడు పాత నంబర్లు కొన్ని పోయాయి, వాటిలో తనదీ పోయింది. ఎలా పోయిందని నేను అడగలేదు. మా ఇంట్లో ఏదీ వద్దనరు. వద్దనకుండానే అయిపోతుంది.

మొన్న గురువారం అత్తగారిని షుగరు పరీక్షకి ఆసుపత్రికి తీసుకెళ్ళాను. మా వైపు జ్వరమని వెళ్ళినా ముందు కిడ్నీ పరీక్షే రాస్తారు, అది అందరికీ అలవాటైపోయింది. అత్తగారిని రక్తం ఇచ్చే వరసలో కూర్చోబెట్టి, మంచినీళ్ళ కోసం అటువైపు వెళ్ళాను. డయాలసిస్ గది బయట నేల మీద, గోడకి జారబడి గౌరి కూర్చుని ఉంది. పక్కన ప్లాస్కు, సంచి. చెంపలు లోపలికి పోయాయి. ఐనా చూడగానే గుర్తుపట్టాను. నీళ్ళ సీసా కింద పడేసి పరిగెత్తినట్టే వెళ్ళాను.

"గౌరీ!"

తను తల ఎత్తింది. లేవలేదు. "బాగున్నారా అండీ?" అంది.

"ఏటే, మీరంటావేటి నన్ను?"

"పెద్దోళ్ళు కదండీ. బెంచీ మెంబర్లు."

మొదట నాకు అర్థం కాలేదు. గౌతమ్ అందరికీ చెప్పే ఆ మాట ఇక్కడిదాకా వచ్చిందా అనుకుని, వెర్రిదానిలా నవ్వాను కూడా. ఆ నవ్వు చూసి తన మొహం ఇంకా గట్టిపడింది.

"ఇదే నవ్వు" అంది. "నా మాట మీద తెర కప్పమన్నోల్ల పేర్లన్నీ కింద ఉన్నాయి. మొదటి పేరు నీదే. ఫొటో కూడా ఉన్నాది, ఇలాగే నవ్వుతున్నావు. పక్కన కారణం రాసినావు. 'సంసారం చేసుకునే ఆడది ఆడవలసిన మాటలు కావు' అని. నలుగురు కప్పమన్నారు, ముగ్గురొద్దన్నారు. ఎవులో తెలీనోల్లు కప్పితే నానేటీ అనుకోను. నువ్వు కప్పినావు."

"గౌరీ, నేను... అది నేను విననేలేదు."

"ఇనకుండానే కప్పీసినావా?"

చెప్పొచ్చు. కప్పింది నేను కాదు, మా ఆయన, నేను పొద్దున్నే మొహం ఇచ్చి వంట చేసుకుంటానంతే అని. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది. కానీ ఆ మాటకి అర్థం ఏమిటి? నా మొహంలో ఇంకెవరో కాపురం ఉంటున్నారని. టెక్కలి మేడ మీద తనతో సమానంగా కూర్చున్న నేను, ఇప్పుడు ఒక ఫొటోనని. అది వింటే గౌరికి నా మీద కోపం పోయి జాలి కలుగుతుంది. తన జాలి కంటే కోపమే నాకు నయమనిపించింది. నోరు మూసుకున్నాను.

"మల్లీ ఒకపాలి సూడమని అడిగినాను" అంది, గొంతు తగ్గించి. తన గొంతు తగ్గడం నేను మొదటిసారి విన్నాను. "ఒక్కసారే అడగనిస్తారు. ఆదివారం రేత్రితో గడువైపోద్ది. తరవాత ఆ తెర ఇంక ఎప్పుడికీ తియ్యరంట. నువ్వు మల్లీ అదే సేత్తావో, ఏటి సేత్తావో, నీ ఇష్టం. కానీ ఈపాలి ఇని సెయ్యి."

లోపల్నుంచి ఎవరో "ఢిల్లీబాబు తాలూకా ఎవరమ్మా?" అని కేకేశారు. ఢిల్లీబాబు అంటే తన భర్త, పెళ్ళిలో చూశాను. ఎప్పుడూ సిగ్గుపడుతూ నవ్వే పొడుగాటి మనిషి. గౌరి సంచి తీసుకుని లేచింది. "ఎల్తానండీ" అంది. ఆ 'అండీ' నాకు ఇంటిదాకా గుచ్చుకుంటూనే ఉంది.

మధ్యాహ్నం గౌతమ్‌కి అన్నం వడ్డిస్తూ అడిగాను. "గౌరి మాట మీద తెర వేశారా?"

"ఏ గౌరి?"

"మన ఇంటికొచ్చింది ఒకసారి. టెక్కలిలో నాతో చదివింది."

"ఓ, ఆవిడా? అది నీ ఫ్రెండని నాకేటి తెలుసు" అన్నాడు. అబద్ధమని కూడా అనలేను. నిజంగానే మర్చిపోయి ఉంటాడు. "అయినా తెర వేస్తే ఏటైంది? మాట తీసీలేదు కదా. నోరు మూసీలేదు కదా. ఆవిడ మాట అక్కడే ఉంది, భూమి ఉన్నన్నాళ్ళూ ఉంటుంది. ఎవడికైనా కావాలంటే తెర తీసుకుని వింటాడు. ఇందులో ఫ్రీ స్పీచికి ఏటి లోటొచ్చింది చెప్పు? కొంచెం చారు వెయ్యి."

చారు వేశాను. అతను చెప్పింది నాకు చాలా బాగా అర్థమైంది, ఎందుకంటే నేను కాపురం చేస్తున్నది ఆ పద్ధతిలోనే. నన్నెవరూ కట్టెయ్యలేదు. నా చదువు ఎవరూ తీసివేయలేదు, సర్టిఫికెట్లు బీరువాలోనే ఉన్నాయి. నా నోరు ఎవరూ మూయలేదు. నేను మాట్లాడేటప్పుడు టీవీ సౌండు పెంచుతారంతే. ఎవరికైనా కావాలంటే వచ్చి వినొచ్చు. పన్నెండేళ్ళుగా ఎవరికీ కావలసి రాలేదు.

"మీరు విన్నారా అది?"

"అంతా వినక్కర్లేదు, మొదటి రెండు ముక్కలు చాలు. తిరుమలరావు గ్రూపులో పెట్టాడు, మన ప్రాంతం ఆడాళ్ళ పరువు పోతోంది, మనం నలుగురం ఒక మాట మీద ఉందాం అని."

"నలుగురంటే?"

"అదే, లేడీస్ సీట్లు నాలుగూ."

తిరుమలరావూ ఇతనిలాగే భార్య పేరు మీద బెంచీ నడిపేవాడే. ఆ నలుగురు లేడీస్‌కీ మీసాలున్నాయి. అతను ఆ మాట అని మామూలుగా మజ్జిగ పోసుకున్నాడు, తను ఏమన్నాడో తనకే వినపడలేదు. నాకు నవ్వొచ్చింది, వెంటనే కళ్ళలో నీళ్ళు తిరిగాయి. పళ్ళెం తీసుకుని వంటింట్లోకి వెళ్ళిపోయాను.

"ఈసారి వద్దనండి" అన్నాను అక్కణ్ణించే. "మళ్ళీ ఓటుకి వస్తుందట కదా. తెర తీసేయమనండి."

"పిచ్చా నీకు? తిరుమలరావుకి ఏటని చెప్పాలి? మా ఆవిడ వద్దందని చెప్పాలా?" అని హాల్లో నుంచి నవ్వాడు. నిజంగా సరదాగానే నవ్వాడు. అతని దృష్టిలో అది మంచి జోకు.

ఆదివారం పొద్దున్న ఫోను పట్టుకుని వచ్చాడు. నేను ఇడ్లీ పిండి కలుపుతున్నాను.

"కళ్ళార్పు. తిప్పు. నవ్వు."

నవ్వలేకపోయాను. పంతం కాదు, నిజంగా రాలేదు. పెదవులు సాగదీశాను. ఫోను ఒప్పుకోలేదు. మళ్ళీ ప్రయత్నించమంది. అతను "సరిగ్గా నవ్వే" అన్నాడు. ఇంకోసారి సాగదీశాను. నా మొహం నాకే ఫోనులో కనపడింది. పళ్ళు డాక్టరుకి చూపిస్తున్నట్టున్నాను.

"ఏటైంది నీకు?"

"రావట్లేదు."

"నవ్వు రాకపోవడమేటి? డబ్బులడుగుతున్నానా, కష్టమైన పనా? ఒక్క నవ్వు!" అతనికి ఆలస్యమవుతోంది, ఇచ్ఛాపురంలో స్నేహితుడి కొత్త షాపు ప్రారంభం. కారు బయట ఆగి ఉంది, మామగారు ముందే ఎక్కి కూర్చున్నారు. "సరే, గడువు రాత్రి దాకా ఉంది. వచ్చాక చూద్దాం. ఈలోపల ఆ మొహం కొంచెం బాగు చేసుకో" అని వెళ్ళిపోయాడు.

ఇల్లు నిశ్శబ్దమైంది. ఇడ్లీలు వేసి అత్తగారికి పెట్టాను. ఆర్డర్ల ఫోన్లు రెండు వస్తే మాట్లాడాను. గిన్నెలు కడిగాను. నా చేతుల్లో పనులు జరిగిపోతున్నాయి, బుర్రలో మాత్రం ఒకటే తిరుగుతోంది. 'ఇనకుండానే కప్పీసినావా?' గౌతమ్ ఎవరికో గొప్పగా చెబుతుంటే విన్న మాటొకటి గుర్తొచ్చింది. "పాస్‌వర్డులూ గీస్‌వర్డులూ లేవు, ఏ ఫోనైనా సరే, మా ఆవిడ మొహం పెడితే తెరుచుకుంటుంది." ఆ మాట అన్నప్పుడు నేను అక్కడే ఉన్నాను. నా దగ్గరా ఒక ఫోనుందనీ, ఆ మొహం రోజంతా నా దగ్గరే ఉంటుందనీ అతనికి తట్టలేదు. నాకూ తట్టలేదు, అదే ఆశ్చర్యం. పన్నెండేళ్ళు ఒకరి ఇంట్లో ఉంటే మన బుర్ర కూడా వాళ్ళ వీలు ప్రకారమే పని చేస్తుంది కాబోలు.

మధ్యాహ్నం వెనక వరండాలో కూర్చుని నా ఫోనులో వాకిలి తెరిచాను. అది కళ్ళార్పమంది, తల తిప్పమంది, నవ్వమంది. పొద్దున రాని నవ్వు వచ్చింది. లోపలికి వెళ్తే నా పేరు, నా ఫొటో, నా పేరు మీద తెరలు. చాలా ఉన్నాయి. పలాసలో జీడిబట్టీల్లో పనిచేసే ఆడవాళ్ళు చేతుల పొక్కుల గురించి పెట్టినదాని మీద తెర. ఎవరో అమ్మాయి తన మేనమామ గురించి పెట్టినదాని మీద తెర. అన్నిటి కిందా నేను నవ్వుతున్నాను. ఎక్కువసేపు చూడలేక, గౌరి పేరు వెతికి, తెర తీసి, వినడం మొదలుపెట్టాను.

"నా పేరు గౌరీశ్వరి. మాది ఉద్దానం. మా ఆయనకి వారానికి మూడుపాల్లు రగతం కడుగుతారు. అది మీకు కొత్త కాదు, మా ఊల్లో ఇంటికొకలున్నారు. పేపరోల్లు వస్తారు. నీల్లెలాగున్నాయి, మందులెలాగున్నాయి అని అడుగుతారు. నానెలాగున్నానని ఎవులూ అడగనేదు. అందుకని నానే సెప్తన్నాను. నాకు మొగోడు కావాలనిపిస్తంది."

గౌతమ్ ఇక్కడే ఆపేసి ఉంటాడు. నేను ఆపలేదు.

"ఆయన ఎడం సేతికి కోసి నరం కలిపినారు, మిసను తగిలించడానికి. ఆ నరం ఉబ్బి తాడులాగుంటది. సెవి దగ్గిరెట్టుకుంటే గుయ్యిమని సప్పుడొస్తది. ఆ సేతి మీద బరువెట్టకూడదన్నారు. పడుకున్నప్పుడు అసలే వద్దన్నారు. పెల్లయిన కాడ్నించి నాను ఆ సేతి మీదే పడుకున్నాను. నాను తలగడెరగను. తుపాను నాడు కొబ్బరిసెట్లు ఒక్కొక్కటీ ఇరిగి పడిపోతంటే కూడా ఆ సేతి మీదే పడుకున్నాను, బయమెయ్యనేదు. ఇప్పుడు నానటు, ఆయనిటు. మద్దిలో ఆ సెయ్యి, పసిగుంటని పడుకోబెట్టినట్టు.

ఆకలేస్తందంటే అన్నం ఎడతారు. ఇది ఎవులికి సెప్పీది? మా అత్తకి సెప్తే పాపమంటది. మొగుడు మంచాన పడితే దీనికి కోరికలంట, అంటారు. కోరికే. నాకు ముప్పై నాలుగేల్లు. నాకు మనిసి కావాల. ఇంకోడు కాదు. ఆడే. మునుపటి ఆడు.

మొన్న నిద్దట్లో మరిసిపోయి ఆ సేతి మీద తలెట్టీసినాను. తెలివొచ్చి సూస్తే ఆయన మేలుకునే ఉన్నాడు. సెయ్యి తియ్యనేదు. నాను గాబరాగా లెగబోతే, 'ఉండనీ' అన్నాడు. నాను లెగిసి కూకుని ఏడిసినాను. అంతే. ఇది ఎవులికైనా సెప్పాలనిపించింది. బూతనుకుంటే అనుకోండి."

ఆగిపోయింది. వెనకాల అలికిడైతే తిరిగి చూశాను. అత్తగారు గుమ్మంలో నిలబడి ఉన్నారు. ఎప్పటినుంచి ఉన్నారో తెలియదు. ఫోను దాచబోయాను.

"ఎవులమ్మా ఆ పిల్ల?"

"గౌరి అత్తయ్యా. అప్పుడొకసారి వచ్చింది. మీరు నవ్వు వీధి చివరికి వినపడిందన్నారు."

ఆవిడ మెల్లగా వచ్చి నా పక్కన నేల మీద కూర్చున్నారు. మోకాళ్ళ నొప్పులని ఆవిడ నేల మీద కూర్చోవడం మానేసి చాలా కాలమైంది. కాసేపు కొంగు అంచు వేలికి చుట్టుకుంటూ, విప్పుకుంటూ ఉన్నారు.

"ఇంకోపాలి ఎట్టు" అన్నారు.

మళ్ళీ పెట్టాను. ఇద్దరం విన్నాం. 'ఉండనీ' అన్న దగ్గర ఆవిడ కళ్ళు మూసుకున్నారు. అయిపోయాక "నాను పెసిడెంటుగా ఉన్నప్పుడు ఎన్ని సంతకాలెట్టినానో" అన్నారు. "ఏ కాయితంలో ఎవులి గొంతుందో ఒక్కలూ సదివి ఇనిపించనేదు. నానూ అడగనేదు." లేవబోయి, నా భుజం పట్టుకుని లేచి, లోపలికి వెళ్తూ ఆగి, "మీ మావగారోల్లు వచ్చీసరికి పొద్దుపోద్ది. నువ్వు నిదానంగా సూసుకో" అన్నారు. ఆవిడ గది తలుపు వేసుకున్న చప్పుడు వినపడింది.

నేను అక్కడే కూర్చున్నాను. ఏడవాలనుకున్నాను గౌరి కోసం, ఏడుపు రాలేదు. వచ్చింది వేరే. ఒప్పుకోవడానికి సిగ్గుగా ఉంది, కానీ అది అసూయ. నేల మీద గోడకి జారబడి కూర్చున్న ఆ మనిషి మీద, భర్త రక్తం మిషనులో తిరుగుతుంటే బయట ప్లాస్కుతో ఎదురుచూస్తున్న ఆ మనిషి మీద నాకు అసూయ కలిగింది. తనకి పోగొట్టుకోవడానికి ఒక చెయ్యి ఉంది. గౌతమ్ చెయ్యి ఎలా ఉంటుందో గుర్తు తెచ్చుకోవడానికి ప్రయత్నించాను. ఫోను పట్టుకున్న చెయ్యి, కంచం ముందుకి తోసే చెయ్యి, చీకట్లో నా వైపు వచ్చి, పని అయ్యాక వెనక్కి వెళ్ళిపోయే చెయ్యి. దాని మీద నేను ఎప్పుడూ తల పెట్టుకోలేదు. పెట్టుకోవాలని కూడా ఎప్పుడూ అనిపించలేదు. ఇన్నాళ్ళూ నాకున్న లోటు గౌరే అనుకున్నాను, ఆ గొంతే అనుకున్నాను. కాదు. గౌరికి ఉన్నంత కోరిక నాకు ఎవరి మీదైనా కలిగితే బాగుండునని, దాని కోసం ఇన్నేళ్ళుగా నేను కొట్టుకుపోతున్నానని ఆ మధ్యాహ్నం తెలిసింది. ఆ రోజు సముద్రం దగ్గర నేను అరవకపోవడానికి కారణం వలలు బాగుచేసుకునేవాళ్ళు కాదు. నాకు అప్పటికింకా ఏమీ కావాలనిపించలేదు. ఇప్పుడు కావాలి. ఏమిటో తెలుసు కూడా. 'ఉండనీ' అనే మనిషి కావాలి. అలాంటివాడు దొరక్కపోతే, కనీసం ఆ మాట నాతో నేను అనుకోగలగాలి.

'తెర తీసెయ్యాలి' అన్నచోట నొక్కాను. కారణం రాయమంది. ఇప్పటిదాకా నా పేరు మీద ఉన్న కారణాలన్నీ అతనివే, అసభ్యం, అనుచితం, సంసార స్త్రీ, సంప్రదాయం. నేను చాలాసేపు ఆలోచించాను. ఇది అందరికీ కనిపిస్తుంది. గౌతమ్ చూస్తాడు, తిరుమలరావు చూస్తాడు, మామగారికి ఎవరో ఒకరు చదివి వినిపిస్తారు. టెక్కలిలో మా అమ్మావాళ్ళకీ చేరుతుంది. రేపు మా అమ్మాయి పెద్దదై నా పేరు వెతికితే తనకీ కనిపిస్తుంది. మెల్లగా రాశాను.

"ఇంతకు ముందు నా పేరు మీద తెర వేసింది నేను కాదు, నా భర్త. మిగతావి కూడా. ఈసారి నేను విన్నాను. ఇది బూతు కాదు. ఒక ఆడమనిషి తన భర్త కోసం పెట్టుకున్న బెంగ. అలాంటి బెంగ నాకు నా భర్త మీద ఒక్కరోజూ కలగలేదు. అందుకని ఈ మాట అందరూ వినాలి."

పంపమని నొక్కాను. వెంటనే పంపలేదు. తెల్లటి తెర మీద ఒక ప్రశ్న వచ్చింది.

"ఇది ఒకసారి పెట్టాక ఎవరూ తీసివేయలేరు. మీరు కూడా. పెట్టమంటారా?"

రెండుసార్లు చదువుకున్నాను. ఆ ఇంట్లో అడుగుపెట్టాక, ఏదైనా జరిగిపోయే ముందు నన్ను అడగడం అదే మొదటిసారి.

పెట్టమన్నాను.